వరలక్ష్మీ వ్రతం పేరంటానికి యాభై మంది: గుమ్మం దగ్గర తొక్కిసలాట లేకుండా ఫ్లాట్ ఎలా సర్దుకోవాలి?

నాలుగో అంతస్తు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. సొంత ఫ్లాట్‌లోకి వచ్చాక ఇది మాకు మొదటి వరలక్ష్మీ వ్రతం. మా అత్తగారు ఆ సంబరంలో ఎదురుపడినవాళ్ళందరినీ సాయంత్రం పేరంటానికి పిలిచేశారు, లెక్క వేస్తే యాభై మంది తేలారు. పూజ, వంట ఆవిడ చూసుకుంటారు, వాటి గురించి నాకు బెంగ లేదు. టెన్షన్ అంతా వచ్చేవాళ్ళను లోపలికి తీసుకోవడం గురించే.

మాది డబుల్ బెడ్‌రూమ్. తలుపు తీస్తే నేరుగా హాలే. తూర్పు గోడకు అమ్మవారిని పెడతాం, అది గుమ్మానికి సరిగ్గా ఎదురు. లిఫ్టు ఒక్కటే. మా బ్లాకులోనే ఒకరింట్లో చూశాను: లిఫ్టులోంచి ఐదారుగురు ఒక్కసారి దిగారు, ముందున్నావిడ వంగి చెప్పుల బకిల్ తీసుకుంటోంది, ఆవిడ వెనక పిల్లను ఎత్తుకున్న ఇంకొకావిడ, లోపలినుంచి వాయనం చేత్తో పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఇద్దరు, మధ్యలో ఇంటావిడ కుంకుమ భరిణె పట్టుకుని ఎవరికి ముందు బొట్టు పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది. మా ఇంట్లో అలా కాకూడదు. ఏది ఎక్కడ పెట్టాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, మీకు తెలిసింది చెప్పండి.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మాయ్, ముందు ఒక్క సంగతి తేల్చుకో. వాయనం ఎక్కడ ఇస్తావు? చాలామంది "వెళ్ళేటప్పుడు చేతికిద్దాం" అని గుమ్మం పక్కనే బల్ల వేసి సంచులు పెట్టుకుంటారు, సగం తొక్కిసలాట అక్కడే మొదలవుతుంది. వెళ్ళే మనిషి అక్కడ ఆగుతుంది, సంచి తీసుకుంటుంది, అప్పుడే పిల్లల చదువుల గురించి, కోడలి ఉద్యోగం గురించి మాటలు గుర్తొస్తాయి. వచ్చే మనిషి బయట నిలబడి ఉంటుంది. వాయనం అమ్మవారి పక్కనే, వాళ్ళను కూర్చోబెట్టి ఇవ్వు. "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అని మూడుసార్లు అనుకునేంత తీరిక అక్కడే ఉంటుంది, గుమ్మంలో ఉండదు. గుమ్మం దగ్గర బొట్టు, చేతిలో పువ్వు, "రండి రండి", అంతే.

మా రోజుల్లో వీధి అరుగు మీద గంగాళంతో నీళ్ళు, చెంబు పెట్టేవాళ్ళం, కాళ్ళు కడుక్కునే లోపలికి వచ్చేవాళ్ళు. ఫ్లాట్లో అది కుదరదు. కాబట్టి బయటివాళ్ళు వాడే బాత్రూమ్ ముందురోజే చూసుకో. ఆరేసిన బట్టలు, నానబెట్టిన బకెట్టు, మీ పేస్టులు బ్రష్షులు అన్నీ తీసేసి, ఒక మగ్గు, ఒక పొడి తువ్వాలు, బయట మందంగా ఉండే పట్టా. శ్రావణమాసం, వాన తప్పదు. తడికాళ్ళతో టైల్స్ మీదకు వస్తే పెద్దవాళ్ళు జారతారు.

సెక్రటరీ సారు

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పని చూసేవాడిగా నా రెండు మాటలు. చెప్పుల గురించి ఏటా గొడవే. కారిడార్లో మెట్ల దాకా చెప్పులు పరిచేస్తారు, పక్క ఫ్లాట్ పెద్దాయన మందుల షాపుకి వెళ్ళాలంటే వాటి మీదనుంచి దాటుకుంటూ వెళ్ళాలి. మెట్లకు, లిఫ్టు తలుపుకు అడ్డం లేకుండా మీ గోడ వెంబడి ఒకే వరస పెట్టించండి. పాత దుప్పటి మడత పెట్టి పొడుగ్గా పరిస్తే చాలు, జనం దాని మీదే విడుస్తారు, ఏమీ పరవకపోతే ఎవరికి తోచినచోట వాళ్ళు విడుస్తారు. మీ ఇంటివాళ్ళ చెప్పులన్నీ ముందే లోపల పెట్టేసుకోండి, స్టాండు ఖాళీగా కనిపించాలి. పక్కింటివాళ్ళకు ముందురోజే ఒక మాట చెప్పండి, వాళ్ళనూ పిలవండి.

ఇక గేటు దగ్గర. వచ్చిన ప్రతి మనిషికీ సెక్యూరిటీ మీ ఇంటర్‌కమ్ కొడతాడు, మీరు అమ్మవారి దగ్గర ఉంటారు, ఎవరూ ఎత్తరు, కింద బండ్లు ఆగిపోతాయి. మీ కాలనీ యాప్‌లో ముందే అనుమతి పెట్టే వీలుంటే పెట్టండి, లేకపోతే ఫ్లాట్ నంబరు రాసిన కాగితం, సాయంత్రం ఇన్నింటినుంచి ఇన్నింటిదాకా అని, గేటు దగ్గర ఇవ్వండి.

పసుపుకొమ్ము

అందరూ చెప్పులు, గేటు అంటున్నారు గానీ కాళ్ళకు పసుపు సంగతి ఎవరూ ఎత్తలేదేం? నాకు తెలిసి హాలు పాడయ్యేది దానివల్లే. నీళ్ళగా కలిపి, గుమ్మంలో నిలబెట్టి రాసేస్తారు, ఆవిడ అక్కడినుంచి సోఫా దాకా పసుపు అడుగులు వేసుకుంటూ పోతుంది.

నేను చేసేది: పసుపు ముద్దగా, చాలా తక్కువ నీళ్ళతో కలుపుతాను. ఒక పీట, దాని ముందు వెడల్పాటి స్టీలు పళ్ళెం. పళ్ళెంలో పాదాలు పెట్టించి, వేలితో పాదం పై అంచు చుట్టూ ఒక గీత. అరికాలికి అంటదు, కాబట్టి నేలకూ అంటదు. అదీ అడిగే రాస్తాను. ఆ రోజు ఒక్కొక్కరూ నాలుగైదు ఇళ్ళకు తిరుగుతారు, తెల్ల కుచ్చిళ్ళ పట్టుచీర కట్టుకున్నావిడకు అడగకుండా రాస్తే ముఖం మాడ్చుకుంటుంది, మాడ్చుకోదూ మరి.

నేల మీద పడితే వెంటనే సబ్బునీళ్ళు పోయకండి. పసుపు సబ్బుకు, సున్నానికి ఎర్రబడుతుంది, పారాణి అయ్యేది కూడా అలాగే. ముందు పొడిగుడ్డతో ఎత్తేసి, తర్వాత మామూలు నీళ్ళ గుడ్డ. పాలరాయి అయితే అప్పటికప్పుడే తుడవాలి, పీల్చేసుకుంటుంది. చీరకో తుండుకో అంటిన మరక ఉతికాక మిగిలిపోతే ఎండలో వేయండి, ఎండకు పసుపు రంగు వెలిసిపోతుంది.

నాలుగో అంతస్తు

పసుపుకొమ్ము గారూ, పళ్ళెం ఐడియా చాలా బాగుంది, మా అత్తగారికి చదివి వినిపించాను, "ఆ పళ్ళెం మన దగ్గరుంది" అన్నారు, అంటే ఒప్పుకున్నట్టే.

కుర్చీల సంగతి చెప్పండి ఎవరైనా. హాలు సుమారు పన్నెండు అడుగులు బై పదహారు. యాభై మందికి ఎలా సరిపోతుంది?

టెంట్‌హౌస్ బాబాయ్ (విజయవాడ)

యాభై మంది ఒకేసారి కూర్చోరమ్మా. పేరంటానికి వచ్చిన మనిషి పదిహేను, ఇరవై నిమిషాలు ఉంటుంది. ఎంత తోసుకొచ్చినా ఆరు, ఏడు మధ్యలో సగం మంది వస్తారనుకో. గంటలో పాతికమంది, మనిషికి ఇరవై నిమిషాలు, అంటే ఏ నిమిషం చూసినా ఎనిమిది తొమ్మిదిమంది ఉంటారు. పన్నెండు సీట్లు ఉంటే నీకు ఢోకా లేదు. ముప్పై కుర్చీలు తెప్పించి హాలంతా నింపేస్తే నడిచే చోటు పోతుంది, నా బిజినెస్ పోయినా సరే నిజం చెబుతున్నా.

సోఫాను నమ్ముకోవద్దు. ముగ్గురు కూర్చోవాల్సిన సోఫాలో కొత్తవాళ్ళు ఇద్దరే కూర్చుంటారు, మధ్యలో ఎవరూ కూర్చోరు. పైగా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అందులో కూరుకుపోతే లేవలేరు. దాన్ని గోడకు నెట్టేసి, టీపాయ్ బెడ్‌రూమ్‌లో పడేసి, చేతులున్న కుర్చీలు ఆరు, చేతులు లేనివి నాలుగు తెప్పించుకో. చేతులున్నవి పెద్దవాళ్ళకు, పట్టుకుని లేస్తారు. చేతులు లేనివి తక్కువ చోటు పడతాయి, అవి మూలల్లోకి. కింద కూర్చునేవాళ్ళకు ఒక జంపఖానా, దాని అంచు నడిచే దారిలోకి రాకుండా చూసుకో, తట్టుకునేది అక్కడే.

కుర్చీలన్నీ ఒక గోడ వెంబడే వెయ్యి. గుమ్మంనుంచి అమ్మవారి దాకా మూడడుగుల దారి ఖాళీగా ఉండాలి. ఇంకోటి, శ్రావణంలో పెళ్ళిళ్ళు కూడా ఉంటాయి, శుక్రవారం పొద్దున ఫోన్ చేసి "పది కుర్చీలు పంపు" అంటే ఎవరి దగ్గరా ఉండవు. వారం ముందే చెప్పుకో.

అనుమానం పక్షి

బయట చెప్పులు తీసుకునే దగ్గర కూడా ఒక కుర్చీ ఉండాలి కదా? మా అమ్మ నిలబడి బకిల్ తీయలేదు.

టెంట్‌హౌస్ బాబాయ్ (విజయవాడ)

ఉండాలి. ఒక్క స్టూలు. దాని పక్కన గొడుగులకు ఒక బకెట్టు.

ఓరుగల్లు కోడలు

మా పుట్టింట్లో ఈ వ్రతం ఆనవాయితీ లేదండి, మాకు బోనాలు, బతుకమ్మ. అత్తవారిది కృష్ణా జిల్లా కాబట్టి నేర్చుకున్నా. పెళ్ళయిన కొత్తలో ఎవరింటికి వెళ్ళినా నాకు ఎక్కడ కూర్చోవాలో, ముందు అమ్మవారికి దండం పెట్టాలా లేక ఇంటావిడ బొట్టు పెట్టేదాకా ఆగాలా, ఏదీ తెలిసేది కాదు. తెలియనివాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు, అందుకే లోపలికి తీసుకెళ్ళే మనిషి ఒకరు కావాలి. గుమ్మం దగ్గర ఒకరు, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టడానికి ఇంకొకరు. ఆ రెండోపని పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలకు ఇవ్వండి, ఎంత బాగా చేస్తారో. పట్టు లంగా వేసుకుని "ఆంటీ ఇటు రండి" అని చేయి పట్టుకుని తీసుకెళ్తుంటే ఎవరూ మధ్యలో ఆగరు.

నాలుగో అంతస్తు గారూ, మీరు మాత్రం వంటింటివైపు వెళ్ళకండి. ఇంటావిడ కనపడకపోతే వచ్చినవాళ్ళు లేవరు, చెప్పి వెళ్ళాలి కదా అని ఎదురుచూస్తూ ఉంటారు, కుర్చీలు ఖాళీ కావు.

డాలస్ దోసె

ఇక్కడ టెక్సాస్‌లో మా తిప్పలు వేరే. శుక్రవారం ఆఫీసు, కాబట్టి పొద్దున్నే పూజ చేసేసుకుని సాయంత్రం ఆరు దాటాకే పిలుస్తాం. ఆగస్టులో ఇక్కడ ఎనిమిది దాటాకే పొద్దు గూకుతుంది, "దీపాలవేళకు రండి" అంటే ఎవరికీ అర్థం కాదు, టైమ్ వేసి మెసేజ్ పెట్టాల్సిందే.

చెప్పులకు గరాజ్ తలుపు తీసేస్తాం. కార్లు రోడ్డుమీద పెట్టేసి, గరాజ్‌లో ప్లాస్టిక్ షీటు పరిచి, అక్కడ విడిచి లోపలి తలుపునుంచి వస్తారు. వెళ్ళేవాళ్ళు కూడా అక్కడినుంచే వెళ్తారు కానీ చోటు పెద్దది కాబట్టి ఇరుకు ఉండదు. కార్లు ఎక్కడ పెట్టాలో ముందే మెసేజ్‌లో రాయాలి. ఫైర్ హైడ్రెంట్‌కు పదిహేను అడుగులలోపు కారు పెట్టకూడదు, పేరంటానికి వచ్చిన మనిషికి టికెట్ పడితే ఆ శనగలు అరగవు.

కార్పెట్ మీద కాళ్ళ పసుపు అసలే వద్దు, మేం వంటింటి టైల్స్ మీద కూర్చోబెట్టి రాస్తాం, లేదంటే చేతికే ఇస్తాం. కర్పూర హారతి స్మోక్ డిటెక్టర్ కింద ఇవ్వకుండా అమ్మవారిని ముందే దూరంగా పెట్టుకోవాలి. నెయ్యిదీపంతో గొడవ రాదు, కర్పూరం పొగతోనే వస్తుంది. అది మోగడం మొదలుపెడితే చిన్నపిల్లలందరూ ఒకేసారి ఏడుస్తారు.

గోదారిగట్టు (రాజమండ్రి)

దీపం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. అమ్మాయ్, మీ అమ్మవారు గుమ్మానికి ఎదురు అన్నావు. తలుపు తీసి ఉంచితే గాలి సూటిగా దీపం మీదకే. పైగా పట్టుచీర చెరగు వేలాడేసుకుని వంగి దండం పెట్టేవాళ్ళు పదిమంది ఉంటారు. కుందులు నేలమీద ముందుకి పెట్టకు, అమ్మవారికి రెండు పక్కలా పీటల మీద, వెనక్కి జరిపి పెట్టు. గాజు చిమ్నీ ఉన్న దీపం దొరికితే ఇంకా నయం. కిటికీ కర్టెన్ ఆ పక్కనుంటే ఆ పూటకు తీసేయి. అక్షింతల పళ్ళెం దీపానికి ఇవతల ఉండాలి, దానికోసం ఎవరూ దీపం మీదుగా చేయి చాపకూడదు.

తలుపు మాత్రం వెయ్యకు, దీపాలవేళ తలుపు వేసి ఉండకూడదు. దోమల తలుపు ఉంటే పూర్తిగా తీసి గోడకు కట్టెయ్. సగం తీసి ఉంచితే అది కనపడక ఎవరో ఒకరు ముఖం కొట్టుకుంటారు.

ముగ్గు గడప బయట మధ్యలో వెయ్యకు, ఓ పక్కకు వెయ్యి. యాభైమంది తొక్కాక ఆ పిండి అంతా నీ హాల్లోనే ఉంటుంది.

పసుపుకొమ్ము

ఒకటి అడగాలని ఉంది, ఇక్కడ అడగొచ్చో లేదో. మా ఎదురు ఫ్లాట్ ఆవిడకు భర్త పోయారు. కూతురికి పెళ్ళయింది, ఆ అమ్మాయిని పేరంటానికి తీసుకొస్తుంది, గుమ్మం దాకా వచ్చి "నువ్వు వెళ్ళి రా అమ్మా" అని బయటే ఆగిపోతుంది. ఆ నిమిషంలో నేను భరిణె పట్టుకుని నిలబడి ఉంటాను. ఏం చేయాలో తోచదు. మీ ఇళ్ళల్లో ఎలా చేస్తారు?

అనుమానం పక్షి

మా అత్తగారైతే పేరంటం అంటే ముత్తైదువులకే అంటారు. అందులో తప్పేముంది, ఆ వ్రతం పద్ధతే అది.

గోదారిగట్టు (రాజమండ్రి)

నాకు డెబ్బై దాటాయి, నేను పిలుస్తాను. పిలవడమే కాదు, పసుపుకొమ్మూ, నువ్వు చెప్పిన ఆ నిమిషం రాకుండా గుమ్మం దగ్గర పద్ధతే మార్చేశాను. ఎవరికీ నేను బొట్టు పెట్టను. ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, గంధం, పువ్వులు పెట్టి వచ్చిన ప్రతివాళ్ళ ముందుకూ చాపుతాను. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. కుంకుమ తీసుకునేవాళ్ళు తీసుకుంటారు, లేనివాళ్ళు గంధం, పువ్వు. నేను ఎవరి నుదుటివైపూ చూడను. శనగలు, పండు, తాంబూలం అందరికీ ఒకటే. మీ ఎదురింటావిడను ముందురోజే ఇంటికి వెళ్ళి పేరు పెట్టి పిలువు, "అమ్మాయిని పంపండి" అనకు, "మీరిద్దరూ రండి" అను. వస్తుందో రాదో ఆవిడ ఇష్టం.

అనుమానం పక్షీ, మీ అత్తగారి పద్ధతి మీ అత్తగారిది, నేను వాదించను. మా ఇంట్లో అమ్మవారు ఇంతవరకూ అలగలేదు.

పసుపుకొమ్ము

పళ్ళెం చాపడం. ఇంత చిన్న సంగతి నాకు తట్టనేలేదు పిన్నిగారూ. రేపే వెళ్ళి పిలుస్తాను.

అనుమానం పక్షి

మా ఇంట్లో మాత్రం కుదరదండి. కానీ పళ్ళెం మాట బాగుంది, కరోనా తర్వాత చాలామందికి వేరేవాళ్ళు నుదురు ముట్టుకోవడం ఇష్టం ఉండటం లేదు కూడా.

ఓరుగల్లు కోడలు

వాయనం లెక్కలు చెబుతా, ఎవరో ఒకరు అడుగుతారు కదా. మనిషికి గుప్పెడు నానిన శనగలు, నలభై గ్రాములు అనుకోండి, యాభైమందికి రెండు కిలోలు. నానితే దాదాపు రెట్టింపవుతాయి కాబట్టి కిలో ఎండువి చాలు, ముందురోజు రాత్రే నానబెట్టాలి. తమలపాకులు మనిషికి రెండు, వంద కావాలి, వంద ఆకుల కట్ట ఒకటి సరిపోతుందనిపిస్తుంది గానీ లోపల చిరిగినవి, మచ్చలవి ఉంటాయి, రెండు తెచ్చుకోండి. అరటిపళ్ళు జత చొప్పున తొమ్మిది డజన్లు. హస్తాలనుంచి ముందే జతలుగా కోసి పెట్టుకుంటే సాయంత్రం పీకే పని ఉండదు, పీకితే తొక్క చిరుగుతుంది.

శనగలు మాత్రం బాగా వడకట్టి గుడ్డమీద ఆరబెట్టాకే సంచిలో వేయండి. తడివి వేస్తే ఆకులు నల్లబడతాయి, జాకెట్టు ముక్కకు తడి అంటుతుంది. జాకెట్టు ముక్క అడుగున, పైన పండు, ఆకు, వక్క, శనగలు వేరే చిన్న పొట్లంలో. సంచులు నిలబెట్టి పెట్టుకోవడానికి డైనింగ్ టేబుల్ వాడండి, ప్రసాదం వంటింటి గట్టుమీదనుంచి ఇవ్వండి. రెండూ ఒకే బల్లమీద పెడితే పులిహోర నూనె సంచులకు అంటుతుంది.

సెక్రటరీ సారు

ప్రసాదం తిన్న దొన్నె ఎక్కడ వేయాలో కూడా కనిపించాలి. చెత్తబుట్ట వంటింట్లో సింకు కింద దాచేస్తారు, వచ్చినవాళ్ళు దొన్నె పట్టుకుని దిక్కులు చూసి చివరికి కిటికీలో పెట్టి వెళ్తారు. కుర్చీల వరస చివర ఒక పెద్ద బుట్ట, కవరు వేసి, మూత లేకుండా.

ఇంకా, భార్యలను దింపి కింద బండి మీద కూర్చునే మగవాళ్ళు ఉంటారు, పాపం వాళ్ళను ఎవరూ పట్టించుకోరు. మీ ఆయన్ను లిఫ్టు దగ్గరో సెల్లార్లోనో నిలబెట్టండి, రెండు కుర్చీలు, ఫ్లాస్కులో కాఫీ. లిఫ్టులో ఆరుగురు కాకుండా ముగ్గురు నలుగురిని పంపేదీ ఆయనే. పైన మీకు రద్దీ ఉంటే ఒక ఫోను కొట్టండి, రెండు నిమిషాలు కింద కబుర్లు చెబుతాడు.

నాలుగో అంతస్తు

మా ఆయన ఇది చదివి "నన్ను లిఫ్ట్‌మ్యాన్ చేశారు" అన్నారు. కాఫీ ఉంటుందని చెప్పాక సరే అన్నారు.

ఇప్పటిదాకా తేలింది ఇదీ: బయట గోడవెంబడి దుప్పటి, స్టూలు, గొడుగుల బకెట్టు. గుమ్మంలో పళ్ళెంతో మా ఆడపడుచు, లోపలికి తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మాయి. కుర్చీలన్నీ దక్షిణం గోడకు. కాళ్ళ పసుపు బాల్కనీ తలుపు పక్కన పీటమీద, అడిగిన వాళ్ళకే. వాయనం అమ్మవారి దగ్గర నేను ఇస్తాను. అమ్మవారిని గుమ్మానికి ఎదురునుంచి ఈశాన్యం మూలకి జరుపుదామని అత్తగారే అన్నారు, దీపం గాలికి ఆరుతుందని. పిలుపులు కూడా విడగొట్టాను: చుట్టాలకు ఐదుకు, ఆఫీసువాళ్ళకు ఆరున్నరకు, మా బ్లాకువాళ్ళకు ఏడు దాటాక. పొద్దున పూజ మాత్రం పదిన్నరలోపే మొదలుపెట్టాలట, ఆ తర్వాత పన్నెండుదాకా రాహుకాలం.

ఒక్క అనుమానం మిగిలింది. పిలిచి రానివాళ్ళ వాయనాలు ఏం చేయాలి?

గోదారిగట్టు (రాజమండ్రి)

మీ బ్లాకువాళ్ళవైతే ఆ రాత్రే పంపించేయ్, పిల్లలతో. దూరంవాళ్ళకు జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ తీసిపెట్టి కలిసినప్పుడు ఇవ్వు, ఆకులూ పళ్ళూ ఉంచకు. నానిన శనగలు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున్నే ఉడికించి, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు వేసి, పచ్చికొబ్బరి కోరు చల్లి వాచ్‌మన్ ఇంటికి ఒక గిన్నె ఇవ్వు.